కోత మిషన్ కొనాలా, ట్రాక్టర్ మార్చాలా: కోదాడ తమ్ముడికి జవాబు

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. కోదాడ దగ్గర సొంతం 11 ఎకరాలు, కౌలుకు 14 ఎకరాలు, అంతా సాగర్ ఎడమ కాలువ కింద వరి. 2013 మోడల్ 42 హెచ్‌పి ట్రాక్టర్, అయిదడుగుల రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని చిలికేది) ఉన్నాయి. చేతిలో 4 లక్షలున్నాయి. ఒక పాత చైన్ మిషన్ (రబ్బర్ ట్రాకుల మీద నడిచే కోత మిషన్) 16 లక్షలకు బేరానికొచ్చింది, మీటర్ మీద 1,900 గంటలు. మిగతా 12 లక్షలు ఫైనాన్స్, 14 శాతం వడ్డీ, నాలుగేళ్లు. అది కాకపోతే పాత ట్రాక్టర్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి 55 హెచ్‌పి ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకుని, ఏడడుగుల రోటవేటర్ తగిలించి దమ్ము (నాట్లకు ముందు బురద దున్నడం) కిరాయిలకు తిప్పుదామని ఆలోచన. ఏది ముందు అన్నా అని అడిగావు.

నేనైతే ఈ ఏడాది రెండూ కొనను. ఎందుకో చెప్తాను. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఒక టైర్ మిషన్, రెండు చైన్ మిషన్లు, నాలుగు ట్రాక్టర్లు చేతులు మారాయి. అందులో రెండు కొనుగోళ్లు మూర్ఖత్వం. ఆ రెండింటి సంగతీ చెప్తా.

ముందు కోత మిషన్. గంటకు 2,800 వస్తుందని రాశావు. మా హుజూర్‌నగర్ వైపు కూడా ఇంచుమించు అదే నడుస్తోంది. 2,800 వినగానే కళ్ళు మెరుస్తాయి. ఇప్పుడు అందులోంచి పోయేవి తీసేద్దాం. 68 హెచ్‌పి చైన్ మిషన్ గంటకు ఎనిమిది, తొమ్మిది లీటర్లు తాగుతుంది. తొమ్మిది వేసుకో, లీటరు 95 చొప్పున 855. డ్రైవర్‌కు, హెల్పర్‌కు కలిపి, తిండితో సహా 300. ఊళ్లో పొలాలు చూపించే ఏజెంట్‌కు 200. ఆయిల్, గ్రీజు, ఫిల్టర్లకు 100. రబ్బర్ ట్రాకుల జత 2 లక్షలనుకుని, 1,200 గంటలు నడిచిందనుకుంటే గంటకు 170 వరకు అరిగిపోతున్నట్టే. ఈ అరుగుదల ఎవరూ లెక్కలో వేయరు, ఎందుకంటే ఆ రోజు జేబులోంచి పోదు. బెల్టులు, కోత బ్లేడ్లు, డ్రమ్ము పళ్లు, ఎలివేటర్ చైన్లకు ఇంకో 175. మొత్తం 1,800. నీకు మిగిలేది గంటకు వెయ్యి రూపాయలు.

కిస్తీ చూడు. 12 లక్షలు, 14 శాతం, నలభై ఎనిమిది నెలలంటే నెలకు 32,800 దాకా వస్తుంది. ఏడాదికి 3 లక్షల 93 వేలు. అంటే కిస్తీ కట్టడానికే నువ్వు దాదాపు 400 గంటలు కోయాలి. నీ 25 ఎకరాలు రెండు పంటలకు కలిపి 50 గంటల పని. మిగతా 350 గంటలు బయట దొరకాలి. ఊళ్లో కోత ఎన్నాళ్లుంటుంది? కాలువ కింద అందరూ వారం పది రోజుల తేడాతో నాట్లేస్తారు కాబట్టి అందరి చేనూ ఒకేసారి పండుతుంది. ఇరవై, ఇరవై అయిదు రోజులు. ఉదయం మంచు ఆరేదాకా మిషన్ దిగకూడదు. రాత్రి లైట్లు వేసి కోసినా, పొలం నుంచి పొలానికి మారడం, ట్రాలీ రాలేదని ఆగడం, వాన, రిపేరు అన్నీ పోను రోజుకు ఏడెనిమిది గంటలు మీటర్ తిరిగితే గొప్ప. రెండు సీజన్లలో నీ పొలంతో కలిపి 350 గంటలు లోకల్‌లో దొరికితే అదృష్టవంతుడివి. దాంతో కిస్తీ కూడా పూర్తికాదు.

కాబట్టి ఇంటి దగ్గర కూర్చుని కోత మిషన్ పెట్టుకోవడం కుదరదు. దాన్ని లారీ ఎక్కించి తిప్పాలి. నిజామాబాద్ జిల్లాలో బోధన్, వర్ని వైపు నాట్లు ముందే పడతాయి, కోతలూ ముందే వస్తాయి. అక్కడ మొదలుపెట్టి, మన దగ్గరికి వచ్చి, తర్వాత కృష్ణా డెల్టా సార్వా కోతలకు దిగేవాళ్లున్నారు. యాసంగి అయితే నెల్లూరు వైపు ముందు, గోదావరి జిల్లాల దాళ్వా తర్వాత. పంజాబ్ నుంచి, తమిళనాడు నుంచి వచ్చే మిషన్లు చేసేది ఇదే. వాళ్లు ఇంటి మొహం చూడకుండా నెలలకు నెలలు తిరుగుతారు. అలా తిరిగితే 600 గంటలు వస్తాయి. 6 లక్షలు మిగిలితే, లారీ కిరాయిలు, బయట ఖర్చులు 75 వేలు తీసెయ్, కిస్తీ తీసెయ్. చేతికి లక్షా ముప్పై వేలు. అందులో ఒక పెద్ద రిపేరు రాకపోతే. నీ వరి చూసుకునేది ఎవరు? కౌలు 14 ఎకరాల కోత సమయానికి నువ్వు ఏ వర్నిలోనో ఉంటావు. నమ్మకమైన డ్రైవర్ నీ ఇంట్లో మనిషే అయితే మాట వేరు. నీ ప్రశ్నలో అలాంటి మనిషి గురించి ఒక్క ముక్క లేదు. అందుకే వద్దంటున్నా.

ఇప్పుడు నా మూర్ఖత్వాల్లో మొదటిది. 2011లో టైర్ మిషన్ కొన్నాను. ఎండిన పొలంలో దానికి ఎదురులేదు. పన్నెండు, పద్నాలుగు అడుగుల కట్టర్, అరగంటలో ఎకరం అయిపోతుంది, గడ్డి వరుసగా పడుతుంది, రిపేరు ఖర్చు చైన్ మిషన్‌లో సగం కూడా ఉండదు. యాసంగిలో బాగానే సంపాదించింది. వానాకాలం పంటకు వచ్చేసరికి మా నల్లరేగడిలో నీళ్లు తీసినా అడుగున బురద ఆరదు. రెండో పొలంలోనే ఇరుసు దాకా దిగబడింది. రెండు ట్రాక్టర్లు కట్టి లాగితే ఒక గొలుసు తెగింది, మిషన్ మాత్రం కదల్లేదు. జేసీబీ తెచ్చి తీశాం. రైతు గట్టు పోయింది, నాకు మూడు రోజులు పోయాయి, ఊళ్లో పేరు పోయింది. ఎర్ర నేలలున్న చోట, చెరువు కింద ముందే నీళ్లు తీసే చోట టైర్ మిషన్ ఇప్పటికీ మంచి బేరమే. కాలువ చివరి నల్లభూములకు పనికిరాదు. ఎవరైనా "టైర్ మిషన్ చవక కదా" అంటే ముందు వాళ్ల పొలం రంగు అడుగు.

తుపాను వస్తే చైన్ మిషన్ల విలువ తెలుస్తుంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, 2025 అక్టోబర్ చివర్లో మొంథా నరసాపురం దగ్గర దాటినప్పుడు పడిపోయిన చేలను కోయడానికి చైన్ మిషన్లే దిక్కు. అలాంటప్పుడు గంట రేటు పెరుగుతుంది నిజమే, కానీ నిలబడ్డ చేను గంటకు ఎకరం కోసే మిషన్ పడిపోయిన చేనులో రెండు గంటలు తీసుకుంటుంది. బురద, మట్టి లోపలికి పోయి బేరింగులు పోతాయి. రైతు ఏడుస్తూ ఉంటే పెంచిన రేటు అడగడానికి నోరు రాదు. తుపాను సంపాదనను లెక్కలో వేసి మిషన్ కొనకు.

రెండో మూర్ఖత్వం 2016లో. పాత చైన్ మిషన్, పెయింట్ కొత్తది, సీటు కొత్తది. అమ్మినవాడు ఉదయం ఎనిమిదింటికి చూపించాడు. స్టార్ట్ చేశాడు, పొలంలో అటూ ఇటూ తిప్పాడు, పువ్వులా నడిచింది. అడ్వాన్స్ ఇచ్చేశాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఎండలో, గట్టు ఎక్కుతుంటే ఆగిపోయింది. ఇంజిన్ నడుస్తోంది, మిషన్ కదలడం లేదు. అరగంట చల్లారాక మళ్లీ కదిలింది. హైడ్రాలిక్ పంపు పోయిందన్నమాట. వీటిలో గేరు పెట్టి క్లచ్ వదలడం ఉండదు, ఆయిల్ ఒత్తిడితో కదిలించే హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ మీద నడుస్తాయి. మెకానిక్‌లు దాన్ని హెచ్‌ఎస్‌టీ అంటారు. లోపల అరిగిపోయి ఉంటే ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు బాగానే లాగుతుంది. వేడెక్కి పలచబడ్డాక పట్టు ఉండదు. దాన్ని బాగు చేయించే బిల్లు లక్షల్లో ఉంటుంది, పైగా సీజన్ మధ్యలో సామాను దొరకదు. ఆ సీజన్‌లో సగం రోజులు నా మిషన్ చింతచెట్టు కింద నిలబడింది.

కాబట్టి ఎప్పుడైనా పాతది కొనాలనుకుంటే మధ్యాహ్నం వెళ్లు. గంటసేపు లోడు మీద నడిపించు, తర్వాత గట్టు ఎక్కించు, వెనక్కి ఎక్కించు. ఇంజిన్ లోపలి గాలి బయటికొచ్చే బ్రీథర్ పైపు దగ్గర అరచెయ్యి పెట్టు, పొగ దబదబా కొడితే ఇంజిన్ లోపల అరిగిపోయి బోరుకు వచ్చినట్టే. ట్రాకుల లోపలి వైపు చూడు, పళ్ల మధ్య పగుళ్లలో ఇనుప తీగ కనిపిస్తే జత మార్చాల్సిందే, ఆ డబ్బు ధరలో తగ్గించమను. కింది రోలర్లను పార వేసి పైకెత్తి ఆడించు. ధాన్యం పైకి తీసుకెళ్లే స్క్రూ అంచు వేలితో తడుము, కత్తిలా సన్నగా ఉంటే చాలా ధాన్యం ఎక్కిందని అర్థం. మీటర్‌ను నమ్మకు. మీటర్ మార్చడం పది నిమిషాల పని, కానీ పెడల్ మీద రబ్బర్, లివర్ పిడి ఎంత అరిగాయో అబద్ధం చెప్పవు. వైరింగ్ మొత్తం చూడు, ఆరు నెలలు షెడ్డులో ఉండే బండికి ఎలుకలే పెద్ద శత్రువులు. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది, పాత ఫైనాన్స్ తీరినట్టు ఎన్‌ఓసీ ఉందా అన్నవి అడ్వాన్స్‌కు ముందు చూడాల్సినవి. 1,900 గంటలకు 16 లక్షలు అన్న ధర, ట్రాకులు కొత్తవైతే ఒకలా, పాతవైతే ఇంకోలా ఉంటుంది. ఆ ముక్క నువ్వు రాయలేదు, అడిగి ఉండవు కూడా.

ఇంకోటి. మిషన్ యజమానికి ఇప్పుడు కోయడంతో పని అయిపోదు. ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, తాలు ఎక్కువుంటే తరుగు తీస్తారు. దాంతో రైతు నీ మీదికి వస్తాడు, బ్లోయర్ గాలి పెంచమంటాడు. పెంచితే గట్టి గింజ కూడా వెనక గడ్డిలో పోతుంది, అప్పుడూ తిట్లే. ఒక్కో రకం వరికి, ఒక్కో తేమకు గాలి, జల్లెడ మార్చుకోవడం డ్రైవర్ విద్య. ఆ విద్య ఉన్న డ్రైవర్‌ను సీజన్‌లో పక్కవాడు గంటకు యాభై ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతాడు. నేను ఇద్దరిని అలా పోగొట్టుకున్నాను.

సరే, ట్రాక్టర్ సంగతి.

55 హెచ్‌పి ఎందుకు అంటే ఏడడుగుల రోటవేటర్ కోసం అన్నావు. అసలు రోటవేటర్‌ను తిప్పేది పీటీవో హెచ్‌పి, అంటే ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్ట్ దగ్గర దొరికే బలం. బానెట్ మీద రాసిన దాంట్లో అక్కడికి చేరేది 85 శాతం వరకే. 42 బండికి అయిదడుగులది సరిగ్గా సరిపోయే జోడీ. 48 బ్లేడ్ల ఏడడుగులది 55 లాగుతుంది, కాదనను. కానీ మన మడులెంత? పావు ఎకరం, అరెకరం మడుల్లో ఏడడుగులది మూలలు తిప్పడానికే సమయం పోతుంది. మూల మిగిలితే రైతు మళ్లీ తిప్పమంటాడు. పెద్ద పెద్ద కమతాలుంటే ఆ లెక్క వేరు.

50 హెచ్‌పి దాటితే ఇంకో చిక్కుంది. 2023 జనవరి నుంచి 50 పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్ ఫోర్ కాలుష్య నిబంధనలు వచ్చాయి. అందుకే వాటిలో డీజిల్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే కామన్ రైల్ ఇంజిన్లు, సెన్సార్లు వచ్చాయి. నడపడానికి హాయిగా ఉంటాయి, పొగ తక్కువ, లాగుడు బాగుంటుంది. ధర మాత్రం ఒక్కసారిగా పైకి పోయింది. మన ఊళ్లో డ్రమ్ముల్లో నిల్వపెట్టి, చెంబుతో పోసే డీజిల్‌లో నీళ్లూ చెత్తా ఉంటే ఆ ఇంజెక్టర్లు క్షమించవు. లైట్ వెలిగితే మీ ఊరి మెకానిక్ బానెట్ ఎత్తి చూసి దించేస్తాడు, షోరూం వాడు లాప్‌టాప్ పట్టుకుని రావాలి. దమ్ముల సీజన్‌లో వాడు వచ్చేదెప్పుడు? కంపెనీలన్నీ 47 నుంచి 50 లోపు ఇన్ని మోడళ్లు ఎందుకు పెట్టాయో దీన్నిబట్టి అర్థం చేసుకో. కొంటే ఆ లోపలే కొను.

ఫోర్ వీల్ డ్రైవ్ మాత్రం మంచి ఆలోచన. నల్లరేగడి దమ్ములో టూ వీల్ బండి ముందు భాగం ఎగిరిపడుతుంది, దిగబడితే బయటికి రాదు. ఫోర్ వీల్ వచ్చాక మా దగ్గర దిగబడి సాయం అడిగే ఫోన్లు సగానికి తగ్గాయి. అయితే ముందు ఇరుసు సీళ్ల మీద ఒక కన్నుండాలి. బురద నీళ్లు లోపలికి పోతే ఆయిల్ మజ్జిగలా తెల్లగా మారుతుంది. ప్రతి సీజన్ తర్వాత ప్లగ్ తీసి చూడు. దమ్ముకు బిగించే ఇనుప కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కితే రోడ్డూ పోతుంది, జరిమానా కూడా వేస్తున్నారు. ట్రాలీలో వేసుకుని పొలం దగ్గర బిగించుకోవడం బద్ధకమనిపిస్తుంది, అలవాటు చేసుకోక తప్పదు.

పాత బండిని ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే షోరూం వాడు ధర కట్టేది వాడికి లాభం మిగిలేట్టు. 2013 బండి నీ దగ్గర ఉంటే ట్రాలీకి, మందు కొట్టడానికి, గడ్డికి పనికొస్తుంది. అప్పు లేని బండి అది. క్లచ్ ప్లేట్లు, లిఫ్టు సీళ్లు, ముందు టైర్లు, ఇంజెక్టర్ పంపు సర్వీసు చేయించు. లక్ష లోపు ఖర్చుతో ఇంకో అయిదేళ్లు నడుస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద, హార్వెస్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి, ట్రాక్టర్ టైర్ల మీద 18 నుంచి 5కి తగ్గింది. నీకు ఎవరైనా పాత కొటేషన్ చూపిస్తే తేదీ చూసుకో.

మరి చేతిలోని 4 లక్షలు ఏం చేయాలి? నేనైతే గడ్డి కట్టల మిషన్ కొంటాను. చిన్న రౌండ్ బేలర్. మూడున్నర, నాలుగు లక్షల మధ్య వస్తుంది, నీ 42 హెచ్‌పి బండే దాన్ని తిప్పుతుంది. కోత మిషన్లు కోసిపోయిన పొలాల్లో గడ్డి పడి ఉంటుంది. కొందరు తగలబెడతారు, కొందరు పాడివాళ్లకు ఊరికే ఇచ్చేస్తారు. మా వైపు ఎకరానికి నలభై దాకా కట్టలు వస్తున్నాయి. కట్టకు 35 అనుకో, దారం, డీజిల్, మనిషి కూలి పోను 15 మిగిలితే ఎకరానికి 600. సీజన్‌కు వంద ఎకరాలు చేసినా రెండు సీజన్లకు లక్షా ఇరవై వేలు. కోత మిషన్‌తో ఊరూరా తిరిగితే మిగిలేదీ ఇంచుమించు అంతే అని పైన చూశాం. ఇక్కడ కిస్తీ లేదు, రాత్రి ఇంటికొచ్చి పడుకుంటావు, డ్రైవర్ నువ్వే. రేట్లు మీ ఊళ్లో వేరుగా ఉండొచ్చు, నా అంకెల బదులు నీ అంకెలు వేసి చూసుకో.

బేలర్‌కూ దాని తలనొప్పులున్నాయి. గడ్డి ఆరకముందు కడితే లోపల బూజు పడుతుంది, పాడివాడు రెండోసారి పిలవడు. ఉదయం పది, పదకొండు దాకా మంచు తడి ఉంటుంది కాబట్టి పని మధ్యాహ్నమే. చైన్ మిషన్ గడ్డిని నలిపేసి చిందరవందరగా వేస్తుంది, దాన్ని ముందు వరుసకు లాగాలి, టైర్ మిషన్ వరుస అయితే నేరుగా కట్టొచ్చు. చవక దారం కొంటే పొలంలో ముళ్లు విప్పుకుంటూ కూర్చుంటావు.

సబ్సిడీ గురించి కూడా అడిగావు. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం దాకా, మిగతావాళ్లకు 40 శాతం దాకా ఉంది, పనిముట్టును బట్టి గరిష్ఠ పరిమితి ఉంటుంది. బేలర్ ఆ జాబితాలోకి వస్తుంది. ఈసారి మీ మండలానికి ఏవి వచ్చాయో వ్యవసాయ అధికారిని అడుగు, మంజూరు కాగితం చేతికి రాకముందు మాత్రం కొనకు. పట్టా 11 ఎకరాలు నీ పేరు మీదే ఉన్నాయా, నాన్న పేరు మీదా? 50 శాతంలోకి వస్తావా, 40లోకా అన్నది దాన్నిబట్టి తేలుతుంది. అది రాయి, మిగతాది అప్పుడు చెప్తా.